ఫోటోలో రొద

మా ఇంటి హాల్లో గోడ ఎక్కే అర్హత ఇద్దరికే ఉంది. ఒకరు దేవుళ్ళు, రెండోవారు పెద్దలు. పెద్దలంటే బతికున్న పెద్దలు కాదు సుమండీ! క్యాలెండరుకి మాత్రం మినహాయింపు ఇచ్చాం, తిథులు చూసుకోవాలి కనక.

ఆ గోడమీద 1991 నుంచీ మా మామగారు ఒక్కరే ఉంటూ వచ్చారు. 16×20 అంగుళాల నలుపు తెలుపు ఫోటో. 1968లో స్టూడియోకి వెళ్ళి, కోటు తొడుక్కుని, భుజాన ఉత్తరీయం వేసుకుని తీయించుకున్నారట. నా పెళ్ళి 1992లో. అంటే ఆయన్ని నేను చూళ్ళేదన్నమాట. నాకు తెలిసిన మామగారు ఆ ఫోటోలో ఉన్నాయనే. గొంతు ఎలా ఉండేదో తెలీదు గానీ, ఎడం కనుబొమ్మ రవ్వంత పైకి ఉంటుందని మాత్రం తెలుసు. ఇదెందుకు చెబుతున్నానంటే, గోడమీద ఫోటో ఉత్త అలంకారం కాదు. తరవాత వచ్చినవాళ్ళకి ఆ మనిషంటే అదే.

2023లో అత్తయ్య సంవత్సరీకం దగ్గరపడింది. మామగారి పక్కన ఆవిడ ఫోటో కూడా అదే సైజులో పెట్టాలని మావారు తీర్మానించారు. మా ఆడపడుచు ఫోన్లోనే ఆమోదించింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఫోటో తప్ప.

బొత్తిగా లేదని కాదు. పెళ్ళిఫోటోల్లో ఉన్నారు, వెనక వరసలో. సగం ముఖం ఆవిడది, మిగతా సగం ముందు నిలబడ్డావిడ కొప్పు. గుర్తింపు కార్డు ఫోటో ఒకటుంది. అందులో ఆవిడ చూపు చూస్తే గుర్తింపు మాట దేవుడెరుగు, జామీను కూడా దొరికేట్టు లేదు. ఇంట్లో ఎప్పుడు కెమెరా ఎత్తినా, "ఇప్పుడా? ఈ నలిగిన చీరతోనా? తరవాత చూద్దాంలే" అనేవారు. ఆ తరవాత రానే లేదు.

నా ఫోను తెరిచి చూసుకుంటే సిగ్గేసింది. వేలకొద్దీ ఫోటోలు. గుత్తొంకాయ కూరవి పదకొండు. నచ్చిన జాకెట్టు మెడలవి నలభై. కరెంటు బిల్లు, గ్యాసు పుస్తకం, మేడమీద పూసిన ముద్దమందారం ఎనిమిది వైపులనుంచి. ముప్పై ఏళ్ళపాటు పొద్దున్న లేస్తే ఎదురుపడిన మనిషిది ఒక్కటంటే ఒక్కటి.

ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో చెప్పాలి. 2019 కార్తీక పౌర్ణమి. పెరట్లో తులసికోట ముందు అత్తయ్య 365 వత్తుల గుత్తి వెలిగించారు. వత్తులు నేతిలో సరిగ్గా నానలేదని, ఆ నానబెట్టింది నేనేనని, ఎవరికీ అనుమానం మిగలకుండా చెబుతూనే వెలిగించారు. అంతలో ఠక్కున కరెంటు పోయింది. ఆవిడ ఆగారు. ఆ నిశ్శబ్దంలో నాకేం ధైర్యం వచ్చిందో, "కరెంటు కూడా మీరు దీపం వెలిగించేదాకా ఉగ్గబట్టుకుని ఆగింది చూశారా అత్తయ్యా, మీరంటే ఎంత భయమో!" అనేశాను. అని నాలిక కరుచుకున్నాను. ఆవిడ నాకేసి చూసి, పకపకా నవ్వారు. నోటికి చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయారు. చేతిలో ఫోనుంది. వసారాలో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నొక్కాను. మా ఇద్దరి మధ్యా పది పన్నెండు అడుగుల దూరం, వెలుతురంటే ఆ వత్తుల మంట ఒక్కటే.

ఆ ఫోటో పట్టుకుని మావారూ నేనూ స్టూడియోకి వెళ్ళాం. కుర్రాడు కంప్యూటర్లో ఎక్కించి, అత్తయ్య ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేసి, పెదవి విరిచాడు.

"మేడమ్, దీంట్లో నాయిస్ చాలా ఎక్కువుందండి."

"ఫోటోలో నాయిసేమిటి బాబూ?" అన్నాను.

"అమ్మ కదా, ఉంటుంది" అన్నారు మావారు.

ఆయన వేళాకోళానికి అన్నా, అందులో అబద్ధం లేదు. తెల్లవారుఝామున నాలుగున్నరకి ఆవిడ గిన్నెల చప్పుడుతో మా వీధి వీధంతా లేచేది. పాలబ్బాయికి లెక్క చెబితే నాలుగో ఇంటివాళ్ళు కూడా తమ లెక్క సరిచూసుకునేవారు.

కుర్రాడు చూపించిన నాయిస్ వేరు. నల్లగా ఉండాల్సిన చోట ఎవరో ఉప్పూ కారం కలిపి చల్లినట్టు ఎర్రవీ, పచ్చవీ చుక్కలు. చెంపమీద రవ్వ ఒలికినట్టు గరుకు. పాత టీవీల్లో బొమ్మ సరిగ్గా రాక ఈగలు ముసిరేవి, గుర్తుందా? అచ్చం అలాగే.

"మీరు కంగారు పడకండి, తీసేస్తాను" అన్నాడు.

తీసేశాడు. రెండురోజుల తరవాత 16×20 ఫోటో నిగనిగలాడుతూ వచ్చింది. ఒక్క చుక్క లేదు. చుక్కలతోపాటు ఇంకా చాలా లేవు. గడ్డంమీది పచ్చబొట్టు లేదు. కళ్ళకింద ముడతలు లేవు. రెండు కనుబొమ్మల మధ్యా నిలువుగా ఉండే గీత లేదు. ముక్కుపుడక పసుపు మరకలా మిగిలింది. మైనంతో పోతపోసినట్టు నున్నటి ముఖంతో ఎవరో పెద్దావిడ నవ్వుతోంది.

నిజం చెప్పొద్దూ, ఆ ఫోటో చూసి ఒక్క క్షణం నాకు హాయిగానే అనిపించింది. ఆ కనుబొమ్మల మధ్య గీత ఉంది చూశారూ, అది నాకు బాగా తెలిసిన గీత. పులుసులో ఉప్పు ఎక్కువైతే లోతయ్యేది. పుట్టింటినుంచి రెండ్రోజులు ఆలస్యంగా వస్తే లోతయ్యేది. గోడమీద ఉన్న ఈ నున్నటావిడ నన్ను జన్మలో ఒక్క మాట అనలేదు. ఇక ముందూ అనదు. మంచిదేగా!

ఆ వెంటనే ఇంకోటి తోచింది. నాకు కాన్పు కష్టమైతే ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు కూర్చున్నది కూడా ఈ నున్నటావిడ కాదు. ఆ గీత ఉన్నావిడే.

మావారు ఫోటోకేసి చాలాసేపు చూశారు. "అమ్మ ఇలా ఉండేది కాదు" అని లేచి వెళ్ళిపోయారు. అంతే. ఆయన అంతకంటే మాట్లాడరు.

ఈ సంగతి తెలిసి మా ఆడపడుచు కొడుకు డల్లాస్ నుంచి, "అత్తా, నేను ఏఐతో బాగుచేయిస్తాగా" అన్నాడు. అరగంటలో పంపాడు. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. కాకపోతే అత్తయ్యకి పైవరస పళ్ళు పూర్తిగా ఉన్నాయి! ఆవిడకి ముందు పన్ను ఊడి పదేళ్ళయింది. కట్టుడు పన్ను పెట్టించుకోండి అని ఎంత బతిమాలినా విననావిడకి, చనిపోయాక ఖర్చు లేకుండా పన్ను మొలిచింది. అసలు ఫోటోలో స్పష్టంగా లేనిదాన్ని ఆ యంత్రం ఊహించి గీస్తుందట. లక్షల ముఖాలు చూసిన అనుభవంతో, "ఇక్కడ పన్ను ఉండాలి" అనుకుంటుంది. మా అత్తయ్యని మాత్రం అది చూళ్ళేదు కదా!

ఇక ఇలా కాదని మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. అది ఎలక్ట్రానిక్సు చదివింది. "అసలీ చుక్కలు ఎక్కణ్ణుంచి వచ్చాయే? నా ఫోను పాడైందా, నా చెయ్యి వణికిందా?"

"రెండూ కాదమ్మా. పెరట్లో గిన్నెలు పరిచావనుకో" అని మొదలుపెట్టింది. నాకు ఏం చెప్పాలన్నా గిన్నెల్లోంచే చెప్పాలని దానికి తెలుసు.

వెలుతురు ధారగా కనిపిస్తుంది గానీ, నిజానికి చినుకుల్లా పడుతుందట. కెమెరా లోపలి పలకమీద ఆ చినుకులు పట్టే గిన్నెలు లక్షలకొద్దీ ఉంటాయి. నా ఫోనులో కోటీ ఇరవై లక్షలు. ఎండలో ఫోటో తీస్తే కుండపోత వాన. అన్ని గిన్నెలూ సమంగా నిండుతాయి. చీకట్లో తీస్తే నాలుగు చినుకులే. ఒక గిన్నెలో నాలుగు పడితే పక్కదాంట్లో ఏడు, దాని పక్కదాంట్లో రెండు. చెంప అంతా ఒకే రంగులో ఉన్నా, గిన్నెల లెక్క మాత్రం తలో రకంగా వస్తుంది. ఆ తేడాలే చుక్కలు. దీనికో లెక్క కూడా ఉంది. సగటున 100 చినుకులు పడే చోట గిన్నెకీ గిన్నెకీ పది అటూ ఇటూ అవుతుంది, అంటే నూటికి పది తేడా. 10,000 పడే చోట వంద అటూ ఇటూ, అంటే నూటికి ఒకటే. వెలుతురు పెరిగేకొద్దీ రొద అణుగుతుందన్నమాట.

"మరి నాయిస్ అని ఆ పేరేమిటి?"

"పాత రేడియోలో దూరపు స్టేషను అందకపోతే ఏం చేసేదానివి?"

"సౌండు పెంచేదాన్ని."

"పాటతోపాటు గరగర కూడా పెరిగేది కదా? చీకట్లో ఫోను చేసేది కూడా అదే. పడిన నాలుగు చినుకుల్నీ పెంచి చూపిస్తుంది. ఐఎస్‌ఓ పెంచడం అంటారు దాన్ని. బొమ్మా పెరుగుతుంది, దాంతో గరగరా పెరుగుతుంది."

1975లో అమెరికాలో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమెరా చేశాడట. బరువు సుమారు 3.6 కిలోలు. గిన్నెలు వందా ఇంటూ వంద, అంటే పదివేలు. ఒక్కో బొమ్మని క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. ఆ లెక్కన నా ఫోనులో గిన్నెలు 1,200 రెట్లు. ఎంత వైభవమో అనుకున్నాను. "గిన్నెలు పెరిగాయి గానీ పెరడు పెరగలేదమ్మా" అంది మా అమ్మాయి. ఫోనులో ఆ పలక చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. ఆ గోరంత చోటులో కోటి పైచిలుకు గిన్నెలు సర్దాలంటే ఒక్కొక్కటీ ఎంత ఉంటుంది? దాంట్లో పడే చినుకులెన్ని?

అప్పుడు నాకు మామగారు గుర్తొచ్చారు. 1968లో ఆయన్ని తీసిన ఫిల్ము రెండుంపావు అంగుళాల చదరం. స్టూడియో దీపాలు ముఖాన పడుతుంటే, కదలకుండా కూర్చుని తీయించుకున్నారు. అందుకే ఆయన 16×20కి తట్టుకున్నారు. అత్తయ్యదేమో వత్తుల వెలుతురు, గోరంత పలక, అందులోనూ దూరంగా కూర్చున్నారు. ముఖం వరకూ కత్తిరిస్తే మిగిలింది నిలువు 1,500 చుక్కలు, అడ్డం 1,200. చేత్తో పట్టుకుని చూసే ఫోటోకి అంగుళానికి 300 చుక్కలుంటే శ్రేష్ఠం అంటారు. 20 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 75 మిగిలాయి. గోరంతని కొండంత చేస్తే, గోటిమీది మట్టి కూడా కొండంత అవుతుంది మరి.

ఆ మట్టిని తుడిచే ప్రోగ్రాము ఏం చేస్తుందో కూడా మా అమ్మాయే చెప్పింది. ప్రతి చుక్కనీ దాని ఇరుగు పొరుగుతో పోల్చి చూస్తుంది. తేడాగా ఉంటే ఇరుగుపొరుగులాగే మార్చేస్తుంది. (మా వీధిలో కొత్త కోడళ్ళకి జరిగేదీ ఇదే.) ఎక్కువ తుడవమంటే దానికి రొద ఏదో మనిషి ఏదో తెలీదు. పచ్చబొట్టూ తేడా చుక్కే, ముడతా తేడా గీతే. అన్నీ కలిపి చదును చేసేస్తుంది.

ఈసారి నేనొక్కదాన్నే, పాత ఫోను పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. మొదట మేమిచ్చింది ఫ్యామిలీ గ్రూపులోంచి దింపుకున్న ఫోటో. అలా పంపితే ఫోటో కుదించుకుపోయి, చుక్కలకి తోడు గళ్ళు కూడా పడతాయట. అసలు ఫోటో పాత ఫోనులో భద్రంగా ఉంది. కుర్రాడు కూడా మంచివాడు, విసుక్కోలేదు. మామూలు 4×6 కాగితాల మీద నాలుగైదు రకాలుగా వేసి చూపించాడు. అప్పుడు తెలిసింది నాకు, తెరమీద పెద్దది చేసి చూసినప్పుడు భయపెట్టిన చుక్కలు, చిన్న ఫోటోలో దాదాపు కనిపించనే లేదు. పక్కపక్క చుక్కలు కలిసిపోయి ఒకదాని హెచ్చుని ఇంకోటి సరిచేసుకుంటాయి, ఉమ్మడి కుటుంబంలోలాగా.

"రంగు తీసేద్దామా మేడమ్?" అన్నాడు. రంగు పోయేసరికి ఆ ఎర్ర పచ్చ కారం మాయమైంది. మిగిలింది సన్నటి ఉప్పు గరుకు. అదేమంత కంటికి ఆనలేదు. వెనక చీకట్లో తులసికోట కనబడేట్టు వెలుతురు పెంచమన్నాను. వద్దన్నాడు. "చీకట్లో అసలు ఏమీ లేదండి, పెంచితే చుక్కలే లేస్తాయి. చీకటిని చీకటిగానే ఉంచేద్దాం." నిగనిగలాడే కాగితం కాకుండా మాట్ కాగితం వేశాడు. దానిమీద గరుకు కలిసిపోతుంది. సైజు మాత్రం 8×10 దాటనివ్వనని నేనే పట్టుబట్టాను. అంగుళానికి 150 వస్తాయి. గోడమీది ఫోటోకి చాలు.

ఇంటికి తెచ్చి మామగారి పక్కన ఆనించి చూశాను. ఏదో అనుమానం వచ్చి కుర్చీ ఎక్కి, మామగారి ఫోటో దగ్గరగా చూశాను. ముప్పై ఏళ్ళుగా తుడుస్తున్నాను, ఎప్పుడూ గమనించలేదు. ఆయన కోటుమీద కూడా సన్నటి ఇసక పరిచినట్టుంది. ఫిల్ములో వెండి రేణువులట అవి. దూరంనుంచి కోటు, దగ్గరనుంచి ఇసక. ఆయనకీ తన వంతు రొద ఉందన్నమాట, బయటపెట్టలేదంతే.

సంవత్సరీకానికి వచ్చిన మా ఆడపడుచు గడపలోనే ఆగిపోయింది. "అదేమిటి వదినా! నాన్న అంత పెద్దగా, అమ్మ ఇంత చిన్నగానా? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. కోపం తెచ్చుకుందనే చెప్పాలి. నాకు జవాబు తోచలేదు. గిన్నెల కథ చెప్పే సమయమా అది?

చిన్న ఫోటో కావడంతో అక్కణ్ణుంచి సరిగ్గా ఆనలేదేమో, దగ్గరికి వెళ్ళింది. ఇంకా దగ్గరికి వెళ్ళింది. ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, "పన్ను..." అంది. "పన్నులేని నవ్వు వదినా!" అని నవ్వబోయి ఏడ్చేసింది. ఆ రోజు వచ్చినవాళ్ళంతా అలాగే చేశారు. మామగారికి గుమ్మంలోంచే దణ్ణం పెట్టి, అత్తయ్య దగ్గరికి మాత్రం నడిచి వెళ్ళారు. ఆవిడ కూడా బతికున్నన్నాళ్ళూ, "దగ్గరికి రావే, నీ ముఖం కనపడి చావదు నాకు" అనేవారు.

మీరూ ఓసారి మీ ఫోను తెరిచి చూసుకోండి. కూరలు, పువ్వులు పక్కన పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తక్కువుంటే రేపు పగటిపూట వాళ్ళని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దూరంనుంచి వేళ్ళతో లాక్కోకుండా దగ్గరికెళ్ళి తీయండి. నలిగిన చీరైనా సరే. అసలు ఫోటోని ఫోనులో వదిలేయకుండా ఇంకో చోట కూడా దాచుకోండి. ఒక్కటైనా కాగితం మీద వేయించండి. వెలుతురు ఊరికే వస్తుంది, దానికి మనమే టైము ఇవ్వం.

అందరూ వెళ్ళిపోయాక మావారు ఆ ఫోటో ముందు నిలబడ్డారు. ఆయన ముఖం తేటగా ఉంది.

"బాగుంది. అమ్మే!" అన్నారు. కాసేపాగి, "అన్నీ చేయించావు కదా, కనుబొమ్మల మధ్య ఆ గీత ఒక్కటీ తీయించేయకపోయావా? నవ్వుతున్నా కాస్త కోపంగా కనబడుతోంది" అన్నారు.

"దాన్ని ముట్టుకోకండి, అది నాది" అన్నాను.